మాలిష్ లైసెన్సు ఎవరివ్వాలి? పోలీసా, ఆరోగ్య శాఖా?

మా బమ్రోలిలో మరమగ్గాల షెడ్ల వెనక సందులో ఒకాయన మాలిష్ చేస్తాడు. నల్గొండ జిల్లా నుంచి చిన్న వయసులోనే సూరత్ వచ్చి పాతికేళ్ళు మగ్గం నడిపాడు. చూపు మందగించింది. తెగిన పోగు కనపడక, అతకలేక, మగ్గం మానేశాడు. చేతుల్లో బలం మిగిలింది కాబట్టి, తండ్రి దగ్గర చూసి నేర్చుకున్న మాలిష్ మొదలుపెట్టాడు. ఒక బల్ల, రెండు దుప్పట్లు, ఆవనూనె సీసా. పన్నెండు గంటల షిఫ్టు నిలబడి దిగిన తెలుగు, ఒడియా కార్మికులే ఆయన గిరాకీ. డాక్టరు ఫీజు ఇవ్వలేనివాళ్ళు, ఈఎస్ఐ కార్డు లేనివాళ్ళు, నడుం పట్టేసినా మర్నాడు డ్యూటీకి వెళ్ళక తప్పనివాళ్ళు.

ఆమధ్య స్పాల మీద పోలీసు దాడులంటూ టీవీలో వరసగా వార్తలు వచ్చాయి. గది అద్దెకిచ్చిన యజమాని భయపడ్డాడు. "నీకు లైసెన్సు ఉందా? లేకపోతే బోర్డు తీసెయ్" అన్నాడు. ఆయన బోర్డు తీసేసి నా దగ్గరికి వచ్చాడు.

"సారూ, గీ పనికి లైసెన్సు యాడిస్తరు?"

రక్షణ శాఖ లెక్కల ఆఫీసుల్లో ఉద్యోగమంతా కాగితాలతోనే గడిపినవాణ్ణి. ఏ పద్దుకు ఏ రూలు, ఏ రూలుకు ఏ సంతకం అని చెప్పడమే నా పని. అయినా ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. వెతికి చెప్తానన్నాను. వెతికాక తెలిసిన సంగతులూ, నాకు కలిగిన అభిప్రాయమూ ఇక్కడ రాస్తున్నాను.

కాగితాల్లో మాలిష్ ఎక్కడుంది?

మిర్చి బజ్జీల బండివాడికి 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉంది. వీధి వ్యాపారులకు 2014లో ప్రత్యేకంగా చట్టం వచ్చింది. గుజరాత్‌లో 2019 నాటి దుకాణాల చట్టం ప్రకారం కొద్దిమంది పనిచేసే చిన్న దుకాణానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, సమాచారం ఇస్తే చాలు. అయితే ఇవన్నీ కొట్టుకో, బండికో, తిండికో సంబంధించినవి. "ఈ మనిషికి ఈ పని వచ్చు" అని మాలిష్ చేసేవాడి గురించి చెప్పే కాగితం కాదు ఇందులో ఏదీ.

2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. ఫిజియోథెరపిస్టు దగ్గర్నుంచి ల్యాబ్ టెక్నీషియన్ దాకా యాభైకి పైగా వృత్తులు ఆ పట్టికలో ఉన్నాయి. మాలిష్‌కు విడిగా పద్దు లేదు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 చేతివృత్తులున్నాయి. క్షురకులున్నారు, రజకులున్నారు, పూలదండలు కట్టేవారున్నారు. మాలిష్ చేసేవాడు అక్కడా లేడు. బ్యూటీ అండ్ వెల్‌నెస్ స్కిల్ కౌన్సిల్ వారి స్పా థెరపిస్టు కోర్సు ఉంది గాని, అది హోటళ్ళలో ఉద్యోగాల కోసం తయారైన శిక్షణ. సందులో బల్ల వేసుకున్నవాణ్ణి ఊహించి చేసింది కాదు.

మరి ప్రభుత్వానికి ఈ పని అసలు తెలియదా అంటే, పన్ను వేసేటప్పుడు బాగానే తెలుసు. జీఎస్టీ పట్టికలో అందం, శారీరక స్వస్థత సేవలని ఒక తరగతి ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి దాని మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు కూడా. అంటే ఖజానా పుస్తకంలో ఇది ఒంటికి మేలు చేసే సేవ. పోలీసు పుస్తకంలో మాత్రం అనుమానించదగ్గ వ్యవహారం. ఒకే పనిని రెండు పుస్తకాల్లో రెండు రకాలుగా రాస్తే ఆడిటరు ఊరుకోడు. పౌరులం మనమెందుకు ఊరుకోవాలి?

నీతి కాపలా నియమాలు

2021లో ఢిల్లీ ప్రభుత్వం స్పాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఆడవాళ్ళు మగవాళ్ళకు గాని, మగవాళ్ళు ఆడవాళ్ళకు గాని మసాజ్ చేయకూడదు. గది తలుపులకు గడియలుండకూడదు. సిబ్బంది అందరికీ పోలీసు విచారణ. అదే ఏడాది డిసెంబరు 16న ఢిల్లీ హైకోర్టు మొదటి నిషేధం మీద స్టే ఇచ్చింది. అక్రమ వ్యాపారాన్ని ఆపాలన్న లక్ష్యానికీ, స్త్రీ పురుషుల మధ్య మసాజ్‌ను మొత్తంగా నిషేధించడానికీ సహేతుకమైన సంబంధం కనపడడం లేదన్నది కోర్టు ప్రాథమిక అభిప్రాయం.

మద్రాసు హైకోర్టులో ఇంకా విచిత్రం జరిగింది. స్పాలలో సీసీ కెమెరాలు పెట్టించాలని 2021 డిసెంబరులో ఒక న్యాయమూర్తి ఆదేశించారు. కొద్ది రోజులకే, 2022 జనవరిలో, అదే హైకోర్టు మదురై బెంచిలో మరో న్యాయమూర్తి స్పా లోపల కెమెరా పెట్టడం మనిషికి తన శరీరం మీద ఉన్న హక్కుకూ, ఏకాంతానికీ భంగమేనన్నారు. ఊరికే అనుమానం పేరుతో పౌరుల సుఖాన్ని కాలరాయడానికి వీల్లేదని ఆయన భావం.

ఈ నియమాలన్నిటిలో నేను ఒక్కటే వెతికాను. నూనె రాయించుకునే మనిషి ఒంటికి జరగగల హాని గురించి ఏముంది? మెడ ఎలా పట్టుకోవాలి, ఏ కాలును తాకకూడదు, ఏ రోగిని వెనక్కి పంపాలి? వీటికి నియమాల్లో దక్కిన చోటు బహు స్వల్పం. చర్చంతా గడియల మీద, కెమెరాల మీద, ఎవరు ఎవర్ని తాకారన్న దాని మీదే.

బలవంతంగా మనుషుల్ని వ్యభిచారంలోకి దించేవాళ్ళు మసాజ్ బోర్డు అడ్డం పెట్టుకుంటున్న మాట నిజమే. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కాని దానికి 1956 నుంచీ ప్రత్యేక చట్టం ఉంది. నేరానికి నేరం చట్టం వాడండి. మందుల దుకాణంలో ఒకడు మత్తుమందు అమ్మాడని ఫార్మసిస్టులందరికీ శీలపరీక్ష పెట్టం కదా!

తాకిన చేయి ఎవరిది?

ఈ అనుమానానికి మన దగ్గర ఇంకో వేరు ఉంది. అది కులం. తెలుగునాట తలంటు లేని పండగ లేదు. పెళ్ళికొడుక్కి నలుగు, బాలింతకు ఒళ్ళు పట్టడం, పసిబిడ్డకు నూనె మర్దన, అన్నీ శుభకార్యాలే. చేసే చేతుల్ని మాత్రం పంక్తిలో దూరంగా కూర్చోబెట్టాం. చాలా పల్లెల్లో పురుడు పోసిందీ, బాలింతను చూసుకున్నదీ నాయీ బ్రాహ్మణ స్త్రీలే. వాళ్ళ చేయి కావాలి, వాళ్ళు ముట్టుకుంటే మైల. కులం పేరుతో, వృత్తి పేరుతో వాళ్ళను అవమానించే మాటలు ఎంతగా పాతుకుపోయాయంటే, అలాంటి పదాలు వాడితే శిక్ష అని 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది.

అందుకే ఇంకొకరి ఒళ్ళు తాకి బతికే పనిని మనం చదువుగా చూడలేదు. చదువు కాదు కాబట్టి పరీక్ష అక్కర్లేదు, పరీక్ష లేదు కాబట్టి పట్టా లేదు, పట్టా లేదు కాబట్టి ఠాణా ముందు నిలబడితే నోట మాట రాదు. లైసెన్సు గురించి మాట్లాడడమంటే ఈ గొలుసును తెంచడం గురించి మాట్లాడడమే.

అసలు హాని ఎక్కడుంది?

హేతువాదులం కాబట్టి రెండోవైపు కూడా నిజాయితీగా చూడాలి. మాలిష్ వల్ల ఒంట్లో విషాలు బయటికి పోతాయంటారు. అరికాల్లో ఒక చోట నొక్కితే కాలేయం బాగుపడుతుందంటారు. వీటికి ఆధారం లేదు. ఆధారం ఉన్నది చాలా తక్కువ సంగతులకు. 2015లో వచ్చిన కాక్రేన్ సమీక్ష నడుం నొప్పికి మర్దన వల్ల కొద్దికాలం ఉపశమనం ఉండవచ్చనీ, కాని ఉన్న పరిశోధనల నాణ్యత బలహీనమనీ చెప్పింది. క్రీడాకారుల మీద జరిగిన 29 అధ్యయనాలను, మొత్తం 1012 మందిని, కలిపి చూసిన 2020 నాటి విశ్లేషణలో ఆటలో సామర్థ్యం పెరగలేదని తేలింది. తర్వాత వచ్చే కండరాల నొప్పి కొంచెం తగ్గింది, ఒళ్ళు కొంచెం వంగింది. అంతే. అయితే పన్నెండు గంటలు మగ్గం దగ్గర నిలబడ్డవాడికి ఆ "కొంచెం" తక్కువేమీ కాదు.

ఇక హాని. క్షౌరశాలల్లో తల మసాజ్ అయ్యాక మెడ టక్కున తిప్పుతారు చూడండి, అది ప్రమాదం. మెడ వెన్నుపూసల గుండా మెదడుకు వెళ్ళే ధమని గోడ చిరిగి పక్షవాతం రావచ్చు. 2017లో ఢిల్లీ ప్రాంతంలో ఒకాయనకు ఇలా మెడ తిప్పించుకున్నాక ఊపిరికి ఆధారమైన ఫ్రెనిక్ నరం దెబ్బతిని శ్వాస కష్టమైన సంగతి పత్రికల్లో వచ్చింది. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే లోపల సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. దాన్ని పిసికితే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. మధుమేహంతో స్పర్శ పోయిన పాదానికి వేడి నూనె కాల్చినా తెలియదు. పసిపిల్లల ముక్కులో నూనె చుక్కలు వేసే అలవాటు వల్ల నూనె ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. ఎముక విరిగితే కట్టు కట్టడమన్నది అసలు మాలిష్ కాదు, వైద్యం. ఎంత పేరున్న పుత్తూరు కట్టయినా సరే, ముందు ఎక్స్‌రే చూడాల్సిందే.

ఇవి ఒక వారంలో నేర్పగలిగిన సంగతులు. మా మాలిష్ ఆయన్ని అడిగాను. పిక్క సంగతి ఆయనకు తెలియదు. మెడ తిప్పడం మాత్రం తండ్రి వద్దన్నాడట, అందుకని చేయడు. తండ్రి చెప్పకపోయి ఉంటే?

ఎంత లైసెన్సు కావాలి?

ఇక్కడ నా కామర్స్ చదువు అక్కరకొచ్చింది. మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1962లో రాసిన 'కేపిటలిజం అండ్ ఫ్రీడం' పుస్తకంలో మూడు మెట్లు విడదీసి చూపాడు. ఒకటి, పేరు నమోదు. రెండు, ధ్రువపత్రం: నేర్చుకున్నవాడికి పత్రం ఇస్తారు, లేనివాణ్ణి పని మానమనరు. మూడు, లైసెన్సు: అది లేనివాడు ఆ పని చేస్తే నేరం. డాక్టర్లకు కూడా మూడోది వద్దన్నాడాయన. అక్కడ నేను ఒప్పుకోను. కాని మెట్లు విడదీయడం మాత్రం సరైనది.

మన లెక్కల వృత్తినే చూడండి. కిరాణా కొట్టు చిట్టా ఆవర్జా ఎవరైనా రాయవచ్చు. కంపెనీ ఆడిట్ నివేదిక మీద సంతకానికి మాత్రం 1949 చట్టం కింద చార్టర్డ్ అకౌంటెంటు అయి ఉండాలి. ప్రమాదం ఉన్నచోట గట్టి కంచె, లేనిచోట దారి వదలడం. గుమాస్తాలందరూ సీఏ పాసవ్వాలంటే దేశంలో సగం దుకాణాలు మూసుకోవాలి.

మితిమీరిన లైసెన్సు సంగతి అమెరికాలో చూడవచ్చు. న్యూయార్క్ రాష్ట్రంలో మసాజ్ లైసెన్సుకు 1000 గంటల శిక్షణ కావాలి. కాలిఫోర్నియాలో రాష్ట్ర లైసెన్సే లేదు, 2009 నుంచి స్వచ్ఛంద ధ్రువపత్రం, దానికి 500 గంటలు. రెండు చోట్లా మనిషి ఒంట్లో కండరాలు ఒక్కటే కదా! మరి ఈ తేడా శరీరశాస్త్రం లోంచి వచ్చిందా, శిక్షణ సంస్థల ఫీజుల్లోంచి వచ్చిందా? అక్కడ లైసెన్సు కావాల్సిన ఉద్యోగుల వాటా 1950ల నుంచి అయిదు రెట్లు పెరిగి నాలుగో వంతు దాటిందని 2015లో ఒబామా ప్రభుత్వ నివేదికే ఒప్పుకుంది.

మన లెక్క వేద్దాం. 1000 గంటలంటే రోజుకు 8 గంటల చొప్పున 125 రోజులు. రోజు సంపాదన 500 రూపాయలనుకుంటే 62,500 రూపాయలు పోయినట్టే. పైన ఫీజు వేరు. ఆ నియమం బమ్రోలిలో పెడితే మాలిష్ ఆగదు. రహస్యంగా సాగుతుంది, లంచం ఒక్కటే కొత్తగా చేరుతుంది.

జపాన్, దక్షిణ కొరియాల్లో ఇంకో రకం సమస్య. అక్కడ మర్దన చాలాకాలంగా చూపులేనివారి జీవనోపాధి. జపాన్‌లో ప్రభుత్వ లైసెన్సు ఉంది. చూపున్నవారి కోసం కొత్త మర్దన పాఠశాలలు పెరగకుండా 1964 నుంచి చట్టంలో అడ్డు ఉంది, 2022 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కొరియాలో మర్దన లైసెన్సు చూపులేనివారికే. 2006లో రాజ్యాంగ కోర్టు ఆ నియమాన్ని కొట్టేస్తే వాళ్ళు రోడ్డెక్కారు, పార్లమెంటు వెంటనే దాన్ని చట్టంగా తెచ్చింది, 2008లో కోర్టు ఒప్పుకుంది. నేను గుత్తాధిపత్యాలకు వ్యతిరేకిని. అయినా ఒకటి ఆలోచించాలి. ఆ దేశాలు ఈ పనిని చూపులేని మనిషి తలెత్తుకు చేసుకునే వృత్తిగా లెక్కించాయి. మనం, చూపు మందగించిన నేతకారుడు తన బోర్డు తానే పీకేసుకునే స్థితికి తెచ్చాం.

నా ప్రతిపాదన

వృత్తుల నియంత్రణ రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలోది, 26వ అంశం. అంటే కేంద్రమైనా చేయవచ్చు, గుజరాతైనా, మన తెలుగు రాష్ట్రాలైనా చేయవచ్చు. ఆయుర్వేద ఆరోగ్య కేంద్రాలకు లైసెన్సు చట్టం కేరళ 2007లోనే చేసుకుంది. అధికరణం 19 ఏ వృత్తైనా చేసుకునే హక్కు ఇస్తూ, అవసరమైన అర్హత పెట్టే అధికారం కూడా ఇచ్చింది. "అవసరమైన" అన్న మాటే ఇక్కడ కీలకం.

1. మామూలు మాలిష్‌కు పేరు నమోదు చాలు. మున్సిపల్ ఆరోగ్య విభాగంలో, నామమాత్రపు రుసుముతో. ఠాణాలో కాదు.

2. వారం రోజుల భద్రతా శిక్షణ అందరికీ. పీఎం విశ్వకర్మలో ప్రాథమిక శిక్షణ అయిదు నుంచి ఏడు రోజులు, రోజుకు 500 రూపాయల భృతి. ఈ వృత్తిని కూడా ఆ పట్టికలో చేర్చితే సరిపోతుంది.

3. పరీక్ష చేతితో, నోటితో. గుజరాతీ, హిందీ, తెలుగు, ఒడియా, ఏ భాషలోనైనా. చదువు రానివాడు, చూపు తక్కువైనవాడు తప్పిపోకూడదు.

4. మెడ తిప్పడం, కీళ్ళు విరవడం, ఎముకలు కట్టడం అర్హత ఉన్న వైద్యసిబ్బందికే. మిగతావాళ్ళు చేస్తే శిక్ష. గట్టి కంచె ఇక్కడే.

5. స్త్రీ పురుష భేదంతో నిషేధం వద్దు. ఎవరి చేత చేయించుకోవాలో వచ్చినవారి ఇష్టం. ఎవరికి చేయకూడదనుకుంటారో చేసేవారి ఇష్టం. అసభ్యంగా ప్రవర్తించిన గిరాకీని పంపేసే హక్కు లైసెన్సు మీదే అచ్చు వేయాలి.

6. లైసెన్సు ఇవ్వకపోయినా, రద్దు చేసినా కారణం రాసి ఇవ్వాలి, అప్పీలు ఉండాలి. ఇచ్చే కమిటీలో ఈ పని చేసేవాళ్ళే కనీసం 40 శాతం ఉండాలి. వీధి వ్యాపారుల చట్టం వెండింగ్ కమిటీల్లో ఈ వాటా ఇప్పటికే ఇచ్చింది, కొత్త కోరికేమీ కాదు.

మన సంఘంలోనే కొందరు మిత్రులు అడగవచ్చు: "ప్రభుత్వ ముద్ర వేస్తే బూటకపు వైద్యానికి గౌరవం ఇచ్చినట్టు కాదా?" మంచి ప్రశ్న. నా జవాబు ఇది. లైసెన్సు చేతికి ఇద్దాం, మాటకు కాదు. "ఇది వైద్యం కాదు, రోగాలు నయం చేయదు" అని పత్రం మీదే రాయిద్దాం. పక్షవాతం పోగొడతానని, సంతానం కలిగిస్తానని బోర్డు పెట్టినవాడి మీద కేసు పెట్టడానికి 1954 నాటి మాయామందుల ప్రకటనల చట్టం ఉండనే ఉంది. నమోదు లేని లోకంలోనే బూటకం పెరుగుతుంది. పుస్తకంలోకి ఎక్కిన పద్దునే తనిఖీ చేయగలం.

మా మాలిష్ ఆయనకు ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, "అంటే ఇప్పుడైతే యాడా ఇయ్యరన్నట్టు" అన్నాడు. అవునన్నాను. ఆయన బోర్డు ఇంకా గోడ వైపు తిప్పే ఉంది. గిరాకీ వస్తూనే ఉంది, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడుతున్నాడు. పిక్క వాచిన కాలు వస్తే ముట్టుకోకుండా ఆసుపత్రికి పంపమని మాత్రం నేర్పాను. ప్రభుత్వం చేయాల్సిన ఒక వారం శిక్షణలో ఒక్క పాఠం అది. మిగతా పాఠాలు, ఆ కాగితం, ప్రభుత్వం బాకీ.